వాయిదాల మీద కొన్న చక్రాలు ఫెండర్‌కి రాసుకుంటున్నాయి, ఇప్పుడు ఇంకో లోనా?

ప్రశ్న: కారుతో వచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి 18 అంగుళాల అల్లాయ్ వీల్స్, కొత్త టైర్లు వేయించాను. అంతా క్రెడిట్ కార్డు మీద 18 నెలల వాయిదాలు, ఇంకా 14 కట్టాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ తొడుగుకి (లైనర్) తగిలి గరగరమంటోంది, వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ మీద వెనక టైరు ఫెండర్‌కి, అంటే చక్రం పైనున్న బాడీ రేకుకి, రాసుకుంటోంది. బిగించిన వాళ్లని అడిగితే సస్పెన్షన్ మార్చాలి, ఫెండర్ అంచులు మడవాలి, స్పేసర్లు (చక్రం వెనక పెట్టే బిళ్లలు) వేయాలి అన్నారు. పర్సనల్ లోన్ తీసుకోనా, అత్యవసరానికి దాచిన డబ్బులోంచి తీయనా?

జవాబు: రెండూ వద్దు. మీరు పంపిన కొలతలు, వాళ్లిచ్చిన కొటేషన్ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తప్పు జరిగింది టైరు సైజు దగ్గర, బిల్లు పడుతోంది సస్పెన్షన్‌కి.

పాత టైరు 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, రబ్బరు ఎత్తు అందులో 55 శాతం, చక్రం 16 అంగుళాలు), అంటే నేల నుంచి పైదాకా సుమారు 632 మిల్లీమీటర్లు. కొత్తది 235/45 ఆర్18, ఇది దాదాపు 669. చక్రం పెద్దదైనప్పుడు రబ్బరు ఎత్తు తగ్గించి మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉంచాలి, 3 శాతం దాటనివ్వకూడదని ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు. మీది 5.8 శాతం పెరిగింది. టైరు అన్ని వైపులా 18 మిల్లీమీటర్లు ఉబ్బినట్టు అనుకోండి, కంపెనీ వదిలిన సందులో అది ఎక్కడ పడుతుంది? ఇంకో విషయం, మీ స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే, పాత టైర్లతో అదే 100 చూపినప్పటికంటే దాదాపు 6 శాతం ఎక్కువ వేగంతో పోతున్నారు. మైలేజీ పడిపోయిందని రాశారు కదా, అందులో కొంత భాగం ఇదే, తిరిగిన దూరాన్ని మీటరు తక్కువగా లెక్కేస్తోంది.

అది ఎత్తు సంగతి. వెడల్పు కూడా చూద్దాం. పాత చక్రం వెడల్పు 6.5 అంగుళాలు, కొత్తది 8. పెరిగింది 38 మిల్లీమీటర్లు, సగం బయటికి, సగం లోపలికి. దానికితోడు ఆఫ్‌సెట్ (చక్రం మధ్యగీతకి, అది హబ్‌కి బిగిసే చోటుకి మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 45 నుంచి 35కి తగ్గింది కాబట్టి చక్రం మొత్తంగా ఇంకో 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. వెరసి చక్రం బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది, లోపలి అంచు సస్పెన్షన్ వైపు 9 మాత్రమే వెళ్లింది. వెనక ఫెండర్ అంచుకి తగలడానికి కారణం ఇదీ, పైన చెప్పిన ఎత్తూ కలిసి.

ఇప్పుడు ఆ స్పేసర్ల సంగతి చూడండి. స్పేసర్ చేసే పనే చక్రాన్ని బయటికి నెట్టడం. లోపల సస్పెన్షన్ భాగాలైన స్ట్రట్‌కో స్ప్రింగ్‌కో తగులుతుంటే దానికి అర్థం ఉంది. మీకు రాసుకుంటున్నది అక్కడ కాదు, ముందు లైనర్‌కి, వెనక ఫెండర్ అంచుకి. అలాంటి దానికి స్పేసర్ రాసిచ్చిన మనిషి మీ కారు కింద తల పెట్టి చూడలేదని నా అనుమానం, ఆ కొటేషన్‌లో మిగతా లైన్లని కూడా నేను అంతే నమ్ముతాను.

మీరు రాసిన మొత్తాలను నిష్పత్తిగా మారుస్తాను, చూడటం తేలిక. చక్రాలు, టైర్లకు అయిన ఖర్చు 100 అనుకుంటే, ఈ కొత్త కొటేషన్ 85. అందులో సస్పెన్షన్ ఒక్కటే 65. సరే, ఆ సస్పెన్షన్ ఏం చేస్తుంది? కాస్త ఎత్తు పెంచి స్ప్రింగులు గట్టివి వేస్తే వెనక మనుషులు కూర్చున్నప్పుడు బండి తక్కువ దిగుతుంది, అది నిజం. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు లైనర్‌కి తగిలేది అలాగే ఉండిపోవచ్చు, ఎందుకంటే అక్కడ టైరు తిరగడానికే చోటు చాలట్లేదు. పైగా వారంటీలో సస్పెన్షన్ భాగానికి నీళ్లొదులుకోవాల్సి రావచ్చు, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. 65 పెట్టి సగం రోగానికి మందు.

నేనైతే చేసేది ఇది. చక్రాలు ఉంచుకుని టైర్లు మాత్రం 225/40 ఆర్18కి మార్చడం. ఎత్తు 637కి దిగుతుంది, పాతదానితో తేడా ఒక శాతం లోపే. 8 అంగుళాల చక్రానికి ఆ టైరు సరిగ్గా కూర్చుంటుంది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మాత్రం మీ పాత టైరు మీద ఉన్న 91కి తగ్గకూడదు, ఈ సైజులో 92 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని దొరుకుతుంది, అదే అడగండి, దానికి గాలి కొంచెం ఎక్కువ పట్టాలి కాబట్టి ఎంతన్నది కూడా అక్కడే కనుక్కోండి. మీరు కనుక్కున్న ధర ప్రకారం నాలుగు టైర్లకు 40 అవుతుంది. ఇప్పుడున్నవి నాలుగు నెలలవే, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కోసుకోకపోతే సగం ధరకైనా పోతాయి, అంటే మీ చేతి నుంచి పడేది 20 చుట్టుపక్కల. ఫెండర్ తాకడం పూర్తిగా పోతుందని మాటివ్వను, ఎందుకంటే బయటికి వచ్చిన చక్రం బయటే ఉంటుంది. అప్పటికీ తగిలితే వెనక రెండు ఫెండర్ల అంచులు మాత్రం లోపలికి మడిపించండి. పెయింట్‌ని వేడి చేసి నెమ్మదిగా మడిచేవాళ్లతోనే చేయించాలి, లేకపోతే పెయింట్ పగిలి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

అసలు డబ్బు తీసే ముందు ఒక పూట ఖర్చు చేసి ఎక్కడ తగులుతోందో మీ కళ్లతో చూడండి. ఫెండర్ లోపలి అంచుకి, లైనర్‌కి చాక్‌పీస్ మందంగా రుద్దండి, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్లున్న దారిలో ఒక చుట్టు తిరగండి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ అటూ ఇటూ చివరిదాకా తిప్పండి. చాక్ ఎక్కడ చెరిగిందో అక్కడే రోగం. ముందు చెరిగింది ప్లాస్టిక్ లైనర్ మూల మాత్రమే అయితే, హీట్ గన్‌తో వేడి చేసి వెనక్కి నొక్కి క్లిప్పులు బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది, గంట పని. అలైన్‌మెంట్ కూడా అదే రోజు చూపించండి.

వదిలేసి తిరుగుదాం అనుకోకండి, ఆ పని నేను చేశాను. లైనర్ మీద ఎరేజర్ తుక్కులాంటి నల్లటి రబ్బరు పొడి కనిపిస్తుంటే తుడిచేసి రెండు నెలలు నడిపాను, ఒకరోజు క్లిప్పు ఊడి లైనర్ మొత్తం టైరు లాక్కుపోయింది, వెనకున్న వైరింగ్‌తో సహా. సైడ్‌వాల్ కోసుకుంటే దానికి పంక్చర్ వేయరు, టైరు పారేయడమే.

ఇక మీరు రాయని మూడో దారి. పాత చక్రాలు టైర్లతో సహా ఇంట్లోనే ఉన్నాయన్నారు. అవి తిరిగి బిగించి, కొత్త సెట్ మొత్తం అమ్మేస్తే? 100 పెట్టింది 60కి పోయిందనుకుందాం. వాయిదాల్లో అసలు బాకీ ఇంకా 80 దాకా ఉంటుంది. 60 అందులో కట్టేస్తే మిగిలేది 20, ముందే మూసేస్తే పెనాల్టీ ఎంతో కార్డు వాళ్లని అడిగి లెక్కలో కలపండి. మనసుకి కష్టమే, తెలుసు. కానీ "ఇప్పటికే ఇంత పెట్టాను కదా" అన్న మాట లెక్కలోకి తేకండి, ఆ 100 ఎలాగూ పోయింది, సస్పెన్షన్ కొన్నంత మాత్రాన తిరిగి రాదు. ఈ రోజు నుంచి లెక్కేస్తే మొదటి దారిలో, అంటే ఆ కొటేషన్ ఒప్పుకుంటే, ఇంకో 85 పోతుంది, రెండో దారిలో, టైర్లు మాత్రం మారిస్తే, సుమారు 20, మూడో దారిలో 60 చేతికొస్తుంది. నన్ను ఒకటి ఎంచుకోమంటే రెండోది. కానీ మీ దగ్గరున్న అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకే సరిపోతుందని రాశారు, ఆ ముక్క చదివాక నా వేలు మూడోదాని వైపు పోతోంది.

ఆ 20 కూడా లోన్ మీద వద్దు. ఈలోగా పాత చక్రాలు బిగించుకుని తిరగండి, ఆ మొత్తం జీతంలోంచి మూడు నాలుగు నెలలు పక్కన పెట్టి అప్పుడు టైర్లు కొనండి. రాసుకునే టైరు మీద లోన్ తీసుకుంటే వాయిదాలు తీరేలోపు టైరు తీరిపోతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లకి చక్రాలు మార్చిన సంగతి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. చాలా పాలసీల్లో మార్పులు చెప్పకపోతే క్లెయిమ్ తగ్గించడానికో తిప్పి పంపడానికో వాళ్లకి అవకాశం ఉంటుంది. కొత్త సెట్ ఉంచుకునే పక్షంలో మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోండి, ప్రీమియం పెరిగితే దాన్నీ ఖర్చులో వేసుకోండి.

పాత చక్రాలు బిగించే రోజు ఒక్కొక్క టైరు విప్పినప్పుడే వెనక్కి తిప్పి లోపలి సైడ్‌వాల్ కూడా చూడండి. గీతలు పైపైనే ఉంటే అమ్ముకోవచ్చు. లోపలి దారాలు కనిపిస్తే ఆ టైరు ఎవరికీ అమ్మకండి, నా లెక్కలో ఆ మేరకు తగ్గించుకుని మళ్లీ వేసుకోండి. బిగించాక 100 కిలోమీటర్లు తిరిగి నట్లు టార్క్ రెంచ్‌తో మరోసారి చూపించుకోండి.