85 వేలకు నానో వస్తోంది: ఖర్చెంత, పొగెంత, ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న టూకీగా ఇదీ: హైదరాబాద్‌లో ఇల్లు దిల్‌సుఖ్‌నగర్, ఆఫీసు అమీర్‌పేట, ఒక వైపు 13 కిలోమీటర్లు. ఇంట్లో నలుగురు, ఉన్నది ఒక్క బైకు. 2013 మోడల్ టాటా నానో 85 వేలకు వస్తోంది. కొనొచ్చా? చిన్న కారు కదా, కాలుష్యం కూడా తక్కువే ఉంటుందా?

నలుగురూ కలిసి ఎక్కడికైనా వెళ్లడానికైతే కొనండి. రోజూ మీరొక్కరే ఆఫీసుకు వేసుకెళ్లాలనుకుంటే మాత్రం వద్దండి.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నానోకి కాగితం మీద మైలేజీ 25 దాకా ఉంది. చాదర్‌ఘాట్, కోఠి, లక్డీకాపూల్ సిగ్నళ్ల మధ్య ఏసీ వేసుకుని నడిపితే 17 వచ్చినా గొప్పే. ఆ లెక్కన కిలోమీటరుకు 135 గ్రాములు. లీటరుకు 50 ఇచ్చే బైకు 46 గ్రాములు వదులుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కిలోమీటరుకు 30 వాట్ అవర్లు తింటుందనుకుంటే, బొగ్గు కరెంటే ఎక్కువున్న మన దగ్గర కూడా 21 గ్రాముల దగ్గర తేలుతుంది. లీటరు డీజిల్‌కి నాలుగున్నర కిలోమీటర్లు పోయే సిటీ బస్సులో 40 మంది ఉంటే తలకు 15 గ్రాములే. నానోలో నలుగురు కూర్చుంటే తలకు 34. ఒక్కరే కూర్చుంటే మొత్తం 135 మీ ఖాతాలోకే.

రోజుకు 26 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులంటే 7800 కిలోమీటర్లు. నానోకి దాదాపు 460 లీటర్లు, బైకుకి 156. లీటరు 107 రూపాయల చొప్పున 49 వేలు ఒకవైపు, 17 వేలు ఇంకోవైపు. పొగ అయితే ఒక టన్ను పైచిలుకు ఒకవైపు, 360 కిలోలు ఇంకోవైపు. రెండేళ్లలో కారు ధర మళ్లీ పెట్రోలు బంకులో కట్టినట్టే. పైగా మీ ఇంటికీ ఆఫీసుకీ మధ్య మెట్రో ఎర్ర లైను ఉంది, ఎక్కడా రైలు మారక్కర్లేదు. ఇంట్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. ఇవన్నీ వదిలేసి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఒంటరిగా కారులో కూర్చోవడంలో నాకైతే లాభం కనిపించదు.

ఇక ఈ కారు మీద పాత వాదన ఒకటుంది. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా దీన్ని చూపించినప్పుడు, స్కూటర్ మీద తడుస్తూ పోయే కుటుంబానికి లక్ష రూపాయల కారు అన్నారు. అప్పుడే ఇంకో పక్క, ఊరంతా కార్లయిపోతే గాలి ఏం కావాలి, రోడ్డు ఏం కావాలి అన్న భయం మొదలైంది. రెండూ అనుకున్నట్టు జరగలేదు. బెంగాల్‌లోని సింగూరు నుంచి గుజరాత్‌లోని సాణంద్‌కు మారిన ఫ్యాక్టరీ ఏడాదికి 2.5 లక్షల కార్లు చేయగలదు, అమ్మకాలు ఏ ఒక్క ఏడాదీ లక్ష దాటలేదు. 2018లో తయారీ ఆగిపోయింది. రోడ్లు నిండాయి, నిజమే, కాకపోతే ఇంతకంటే పెద్ద కార్లతో. అందుకే ఈరోజు పాత నానో కొంటే కొత్తగా ఉక్కు కరిగించినట్టు కాదు. టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ పాపం 2013లోనే అయిపోయింది. మీ చేతిలో ఉన్నది రెండే: ఎంత నడుపుతారు, ఎంత బాగా ఉంచుతారు.

రెండోది తేలిక కాదు. తక్కువ ధరకు ఇవ్వాలని ఖర్చు కోసిన ప్రతి చోటా పాత కారు ఏదో ఒకటి అడుగుతుంది.

ఇంజిన్ 624 సీసీ, రెండు సిలిండర్లు, వెనక ఉంటుంది. నాలుగు సిలిండర్ల కారులో ఒక స్పార్క్ ప్లగ్ సరిగా వెలగకపోతే పావు వంతు బలం పోతుంది, ఇందులో సగం పోతుంది. అంతకంటే పెద్ద నష్టం బయటికి కనబడదు. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) కాలుతుంది. అది మితిమీరి వేడెక్కి లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగి ముక్కలవుతుంది. దారి పూడుకుపోయి పికప్ తగ్గగానే, రోడ్డు పక్క షెడ్డులో లోపలిదంతా కొట్టి ఖాళీ డబ్బా బిగించేస్తారు. బండి మళ్లీ చురుగ్గా లాగుతుంది, ఓనరు ఖుషీ. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం అప్పటినుంచి అడ్డూ ఆపూ లేకుండా బయటికి వస్తుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక కన్వర్టర్ మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. లోపల గలగలమంటే దిమ్మ పగిలింది, డొల్ల మోత వస్తే అసలు లేనే లేదు.

దీన్ని పట్టిచ్చేది పొల్యూషన్ చెక్. బీఎస్-4 (ఈ బండికి వర్తించే కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారుకి ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతుండగా, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 200 పీపీఎం, అంటే పది లక్షల్లో 200 వంతులు, దాటకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర మోనాక్సైడ్ 0.2 శాతం లోపు ఉండాలి, ల్యాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు సరిగా ఉన్నాయో లేదో చెప్పే అంకె) 0.97 నుంచి 1.03 మధ్య ఆడాలి. అమ్మేవాళ్లు చూపించే సర్టిఫికెట్ పక్కన పెట్టండి. రోడ్డు పక్క వ్యానులో నంబరు ప్లేటు ఫొటో తీసి కాగితం చేతిలో పెట్టడం అందరికీ తెలిసిందే. పది కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ వేడి మీద ఉండగా, గొట్టం సైలెన్సర్‌లోకి పూర్తిగా పెట్టించి మీ కళ్లతో అంకెలు చూడండి. ల్యాంబ్డా 0.9 చూపిస్తే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ముందు ఆక్సిజన్ సెన్సరు, ఎయిర్ ఫిల్టరు చూపించండి, అవి బాగుంటే ఇంజెక్టరు.

ఇంజిన్ చూడాలన్నా ఒక తతంగమే. 2013 మోడల్‌కి వెనక డోరు తెరుచుకోదు. వెనక సీటు మడిచి, సామాన్ల చోట ఉన్న మూత స్క్రూలు విప్పాలి. అందుకే చాలా బండ్లలో ఆయిల్ లీకు ముదిరేదాకా ఎవరూ చూడరు. మూత తీశాక మూడు చూడండి: ఇంజిన్ మౌంటింగులు (రెండు సిలిండర్ల వణుకుకు ముందు అవే పోతాయి), కూలెంట్ రంగు (తుప్పు రంగుంటే ఎవరో ఉత్త నల్లా నీళ్లు పోశారు), వైరింగ్. ఎక్స్‌ట్రా హారన్, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ ఫ్యూజు లేకుండా కలిపి ఉంటే అవన్నీ పీకించేయండి. తొలి ఏళ్లలో కొన్ని నానోలు కాలిపోయాక కంపెనీయే ఎగ్జాస్ట్‌కీ, కరెంటు వైర్లకూ అదనపు రక్షణ ఉచితంగా పెట్టిచ్చింది. ఆ సంగతి తెలిసీ వైర్లతో ఆడుకోకూడదు. తర్వాత ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచండి. ఫ్యాను తిరుగుతూ ఆగుతూ ఉండాలి. వెనక చక్రాల ముందు, పక్కన ఉండే గాలి సందుల్లో బురద, కవర్లు ఇరుక్కుంటే ఎంత కొత్త ఫ్యానైనా చల్లబరచలేదు. అక్కడ ఎండిన ఒండ్రు కనబడితే 2020 అక్టోబరు వరదలో మునిగిన బండేమో అని అనుమానించండి, సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి మరక ఉందేమో చూడండి.

టైర్లు ముందు 135/70 ఆర్12, వెనక 155/65 ఆర్12. ముందువి వెనక్కి మార్చడం కుదరదు. చక్రానికి మూడే నట్లు, అందులో ఒక్క స్టడ్డుకి (నట్టు ఎక్కే బోల్టు) మర పోయినా మూడో వంతు పట్టు పోయినట్టు. పంక్చర్ షాపులో గాలి గన్నుతో బిగించనివ్వకండి, స్పానరుతో చేత్తోనే బిగించమనండి. గేర్ బాక్స్ వెనక ఉంది, లివర్ ముందుంది, మధ్యలో పొడుగాటి కేబుళ్లు. రివర్సు మొరాయిస్తే అవే కారణం అయ్యుండొచ్చు, వెంటనే గేర్ బాక్స్ దింపనివ్వకండి. నలుగురు, ఏసీ, ఫిల్మ్‌నగర్ ఎత్తు, ఈ మూడూ కలిస్తే ఫస్ట్ గేరే దిక్కు. క్లచ్ జారుతోందా లేదా అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌కి బలం తక్కువ, ఉత్త పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం మైలేజీ పోతుంది. 2013 నాటి రబ్బరు పైపులు దానికి చేసినవి కావు. ఫ్యూయల్ పైపులు, ఓ-రింగులు కొనగానే మార్పించండి. పాత స్పేర్లు రాణిగంజ్, పుత్లీబౌలిలో దొరుకుతాయి, అయితే రబ్బరు సామాను, బ్రేకు సామాను మాత్రం పాతవి తీసుకోకండి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, వారాల తరబడి కదలని బండిలో సగం ట్యాంకు ఉంచొద్దు.

బైకు మీద నలుగురు పోవడం కన్నా ఇది నయమే. అయినా కారనే ధీమాతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో దీనికి ఒక్క స్టారూ రాలేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఊళ్లో 50 లోపు నడిపే బండి ఇది.

కాగితాల విషయం. 2013 రిజిస్ట్రేషన్ 2028తో ముగుస్తుంది. మనకు 15 ఏళ్లకు నిషేధం లేదు, ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేసుకోవచ్చు. 2022 నుంచి రెన్యువల్ ఫీజే 5000, గ్రీన్ ట్యాక్సు వేరే. బేరమాడేటప్పుడు దీన్ని ధరలోంచి తీసేయండి. పైపులు, టైర్లు, ఆక్సిజన్ సెన్సరు కూడా కలిపితే నా దృష్టిలో 60 వేలు దాటి పెట్టాల్సిన బండి కాదు.

రేపు వదిలించుకునేటప్పుడు పాత ఇనుము కొనే కబాడీవాళ్లకు తోలేయకండి. వాళ్లు ముందు చేసే పని ఏసీ పైపు కోయడం. అందులోని ఆర్134ఏ గ్యాసు అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 1430 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. 400 గ్రాములు వదిలినా అర టన్నుకు పైగా వదిలినట్టే, అంటే మీరు బైకు మీద ఏడాదిన్నర ఆఫీసుకు తిరిగినంత. పైగా ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతుంది. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటరుకు ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకుని, ఆర్‌టీఓలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి.