మంచి కార్డు వచ్చేదాకా తీస్తూనే ఉంటున్నాను... ఇది మనోవ్యాధా?

ప్రశ్న: నా వయసు 32. బరంపురంలో ఉంటాం. మావారు సూరత్‌లో మరమగ్గాల పని చేస్తారు. పాపను తీసుకుని అక్కడికి వెళ్లాలా, అత్తయ్యతో ఇక్కడే ఉండాలా తేల్చుకోలేక జోస్యం చూసే టారో, ఒరాకిల్ బొమ్మల కార్డులు కొన్నాను. మొదట్లో రాత్రి ఒక కార్డు తీసి ఆలోచిస్తే మనసు తేలికపడేది. ఇప్పుడు ‘మరణం’ లాంటి కార్డు వస్తే మంచిది వచ్చేదాకా తీస్తున్నాను. నిద్ర ఉండడం లేదు. థైరాయిడ్ మాత్రలు వాడుతున్నాను కానీ, ‘ఆగు’ అని కార్డు వచ్చిందని పరీక్ష వాయిదా వేశాను. అత్తయ్య ఇది మనోవ్యాధి అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

సలహా: కార్డులు తీయడం మనోవ్యాధి కాదమ్మా. మంచిది వచ్చేదాకా తీయడం మాత్రం ఆందోళన లక్షణం. తలుపు గడియ పెట్టామా లేదా అని పదిసార్లు లేచి చూసుకునేవారికీ ఇలాగే జరుగుతుంది. చూసిన ప్రతిసారీ కాసేపు ఊరట కలుగుతుంది, ఆ ఊరటే అనుమానానికి బలమిస్తుంది.

టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టింది. జోస్యానికి వాడడం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. మీ ఒడిశాలో దశావతారాలు గీసిన గుండ్రటి గంజప్ప కార్డులతో పెద్దలు ఆడుకునేవారు, ఇవీ అలాంటివే. టారోలోని మొత్తం 78 కార్డుల్లో ‘మరణం’ ఒకటి. పదేపదే తీస్తే అదీ వస్తుంది, అంతకుమించి దానికి అర్థం లేదు.

మరి చెప్పింది మనకు సరిపోయినట్టు ఎందుకుంటుంది? 1948లో ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణన ఇచ్చి, ‘ఇది మీ గురించే’ అన్నారు. వాళ్లు దానికి సగటున 5కు 4.26 మార్కులు వేశారు. అందరికీ వర్తించే మాటలో మన సొంత కథను మనమే నింపుకుంటాం. మీకు మొదట్లో మేలు చేసిందీ అదే: బొమ్మ చూస్తూ, నోటితో అనలేకపోయిన సంగతిని మీతో మీరు అనుకున్నారు. ఆ మేలును వదులుకోమని నేను అనను.

అందుకే వారానికి ఒక్కరోజు, పగటిపూట, ఒకే కార్డు తీయండి. ముందుగా ప్రశ్నను కాగితం మీద రాయండి. ‘వెళితే ఏమవుతుంది’ అని కాకుండా ‘వెళ్లడంలో నాకు దేనికి భయం’ అని అడగండి. కార్డుతో వచ్చే పుస్తకం తెరవకుండా, బొమ్మలో మీకు కనిపించింది పావుగంట రాసి, పెట్టె మూసేయండి. నచ్చకపోయినా రెండోది వద్దు. మొదటి వారాల్లో ఇంకొకటి తీయాలని మనసు లాగుతుంది. ఆ తపన కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. రాసినది మీవారికి ఫోనులో చదివి వినిపించండి. అద్దె ఎంత, అత్తయ్యను ఎవరు చూస్తారు, పాప చదువు ఎలా అన్నవి ఇద్దరూ కూర్చుని లెక్క వేయవలసినవి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో ఒడియా, తెలుగు మాధ్యమాలు కూడా ఉన్నాయి, విచారించండి.

నన్ను నిజంగా కలవరపెట్టింది థైరాయిడ్ పరీక్ష మానేయడం. మాత్ర మోతాదు చాలకపోతే నీరసం, దిగులు. ఎక్కువైతే గుండె దడ, నిద్రలేమి. మీ బాధలో కొంత దీనివల్లే కావచ్చు. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించండి, రక్తహీనత కూడా చూపించుకోండి. మందులు, పరీక్షల సంగతి ఏ కార్డునూ అడగవద్దు. పరిహారం పేరుతో డబ్బు అడిగే ఆన్‌లైన్ జోస్యులకు దూరంగా ఉండండి.

రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి తగ్గకపోతే ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. మాటలతో చేసే చికిత్స ఈ ఆందోళనకు బాగా పనిచేస్తుంది. కార్డులు ఆజ్ఞ ఇస్తున్నట్టు అనిపించినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఒక్కరోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అత్తయ్యను కూడా వెంట తీసుకెళ్లండి. ఆమె భయం కూడా వైద్యుడు వినవలసిందే.