అమ్మకి షుగర్ ఉంటే, కడుపుతో ఉన్నప్పుడు కూతురికీ తప్పదా?

తప్పదని ఏమీ లేదు. మా అక్కకి ఇద్దరు పిల్లలప్పుడూ రాలేదు. నాకొచ్చింది. అప్పటికి నేను రివటలా ఉండేదాన్ని, అందుకే ఎవరూ అనుమానించలేదు.

ఏడో నెలలో అమ్మ రాజమండ్రి నుంచి చలిమిడి తెచ్చింది. మర్నాడే టెస్ట్. 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగి రెండు గంటలు ల్యాబ్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. (గర్భిణుల కోసం నడుం ఆనించుకునే కుర్చీ ఒక్కటి వేయలేరా? ఫ్యాను కూడా బిల్లు కట్టే కౌంటర్ వైపే తిరుగుతుంది.) రిపోర్టులో 168 వచ్చింది. 140 వస్తే చాలు, ఉన్నట్టే లెక్క. ఇంటికి రాగానే అత్తయ్యగారు, "చలిమిడి అంతా ఒక్కతే తినేసింది వదినగారూ" అన్నారు. అమ్మ ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి పక్కన పడుకుని అమ్మ మెల్లగా చెప్పింది: "నువ్వు పుట్టినప్పుడు నాలుగు కిలోల పైనే ఉన్నావే. బొద్దుగా ఉందని నర్సులు మురిసిపోయారు. నాకప్పుడు షుగర్ టెస్ట్ ఎవరు చేశారు?" అమ్మకి నలభై దాటాక షుగర్ బయటపడింది, అమ్మమ్మకీ అంతే. నన్ను మోసినప్పుడే అమ్మకి వచ్చి పోయిందని నా గట్టి నమ్మకం.

కాబట్టి పాపం చలిమిడిని ఏమీ అనకండి. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఎవరికైనా ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ చేసి సర్దుకుంటే సరే, మనలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆ సత్తువ చాలకపోవచ్చు. టీసీఎఫ్7ఎల్2, ఎంటీఎన్ఆర్1బి అని జన్యువుల పేర్లు చెబుతారు. ఒక్కోటీ పెంచే ముప్పు కొంచెమే. వాటి టెస్టులకి డబ్బు తగలేసే బదులు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నాన్న వైపు కూడా! మా డాక్టరమ్మ అమ్మ గురించి అడిగారు గానీ నాన్నగారి ఊసే ఎత్తలేదు. ఏం వచ్చినా ఆడవాళ్ల నుంచే రావాలి కాబోలు.

డైట్ చార్ట్‌లో ఓట్స్, బ్రకోలీ రాసిచ్చారు. మా వీధి చివర బండి మీద బ్రకోలీ ఎక్కడ దొరుకుతుంది? కప్పుతో కొలిచిన అన్నం, తోటకూర పప్పు, తిన్నాక పావుగంట నడక. నాకు ఇన్సులిన్ దాకా పోలేదు, కొందరికి తప్పదు.

కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ టెస్ట్ చేయించుకోవాలి. నాకెవరూ గుర్తు చేయలేదు, పాప అన్నప్రాసన అయ్యాక వెళ్లాను. నార్మల్ వచ్చింది.

"చూశావా, చలిమిడి మానేశావు" అన్నారు అత్తయ్యగారు.