ఫైళ్ల కంటే ముందు స్టాఫ్ రూమ్

బిడ్డా,

నిన్ను ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత చూసే సెల్) కోఆర్డినేటర్‌ని చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ ఆర్డర్ చేతికిచ్చేటప్పుడు క్లాసులేమైనా తగ్గించారా? తగ్గించి ఉండరు. వారానికి పదహారు గంటల పాఠాలు అలాగే ఉంచి, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ పని కూడా చూడమంటే రెండూ చెడతాయి. సగం క్లాసులు తగ్గించమని కాగితం మీద రాసి అడుగు. మొహమాటపడకు. నీ విషయంలోనే నోరు తెరవకపోతే రేపు మిగతా లెక్చరర్ల కోసం ఏం అడుగుతావు?

ఇప్పుడు అందరూ నీకు ఏడు క్రైటీరియాలు (న్యాక్ మార్కులేసే అంశాలు), ఎస్ఎస్ఆర్ (కాలేజీ తన గురించి రాసిచ్చే రిపోర్టు), డీవీవీ (ఆ లెక్కల తనిఖీ), సీఓ-పీఓ మ్యాపింగ్ (కోర్సు లక్ష్యాలను డిగ్రీ లక్ష్యాలతో జతచేయడం) అని చెవులు హోరెత్తిస్తుంటారు. అవన్నీ మాన్యువల్ చూసి నేర్చుకోవచ్చు, నీకు పెద్ద కష్టం కాదు. నేను చెప్పేది ఒక్కటే. ముందు స్టాఫ్ రూమ్‌లో గాలి ఎలా ఉందో తెలుసుకో, తర్వాత బీరువా తెరువు.

లెక్క చూసినా అంతే. న్యాక్ 2017 పద్ధతిలో అఫిలియేటెడ్ (యూనివర్సిటీ కింద నడిచే) కాలేజీకి వెయ్యి మార్కులుంటే, పాఠం చెప్పడం, పరీక్షలు, ఫలితాలు చూసే రెండో క్రైటీరియన్‌కే 350. స్టాఫ్ సంక్షేమం, అప్రైజల్ లాంటివి వచ్చే ఆరో క్రైటీరియన్‌కు 100. మేనేజ్‌మెంట్ వాళ్లు ఆ వందను పక్కన పెట్టి 350 వెనక పడతారు. జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి చేత కోర్సు ఫైలు రాయించొచ్చు గానీ పాఠం బాగా చెప్పించలేం. ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ అయితే ఫ్యాకల్టీ రిటెన్షన్‌కు విడిగా మార్కులు పెట్టింది. ఉన్నవాళ్లు ఉన్నారా, ఏటా మారిపోతున్నారా అని చూస్తుంది. హైదరాబాద్ శివార్లలో ఇబ్రహీంపట్నం, మైసమ్మగూడ వైపు కాలేజీల్లో మంచి లెక్చరర్ రెండేళ్లు ఆగడమే గగనం. అందుకే గత మూడేళ్లలో మానేసినవాళ్ల లిస్టు ఆఫీసులో అడిగి తీసుకో. కొందరికి ఫోన్ చెయ్యి. వాళ్లు ఇంకోచోట చేరిపోయారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగివ్వడానికి నెలల తరబడి తిప్పారనే మాట వినిపిస్తే, ప్రిన్సిపాల్ గారి దగ్గర మొదట ఎత్తాల్సిన విషయం అదే. ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకుంటే మనిషి ఉంటాడేమో, మనసు పెట్టి పని చెయ్యడు.

స్టాఫ్ ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకోవాలో కాస్త వివరంగా చెబుతా, ఎక్కువ కాలేజీలు తప్పటడుగు వేసేది ఇక్కడే. కాలేజీ మెయిల్ ఐడీతో లాగిన్ అయితే తప్ప తెరుచుకోని గూగుల్ ఫారమ్ పంపుతారు. అందరూ అన్నింటికీ ఐదుకి ఐదు ఇస్తారు. దాన్ని గ్రాఫ్ వేసి, కలర్ ప్రింట్ తీసి ఫైల్లో పెడతారు. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నువ్వు కాగితం ఇవ్వు. పేరు, వయసు, హోదా ఏవీ అడగొద్దు. డిపార్ట్‌మెంట్ కూడా వద్దు. హ్యుమానిటీస్‌లో ఉండేదే ముగ్గురు నలుగురు, ఎవరు ఏం రాశారో హెచ్‌ఓడీకి ఇట్టే తెలిసిపోతుంది. చేతిరాత గుర్తుపడతారని భయపడేవాళ్లుంటారు, కాబట్టి టిక్ పెట్టేవే ఎక్కువ ఉంచు. బాక్సు ప్రిన్సిపాల్ గది ముందు కాకుండా లైబ్రరీలో పెట్టు.

ప్రశ్నలు కూడా 'మీరు సంతృప్తిగా ఉన్నారా' అని గాలిలో అడగకు. పోయిన సెమిస్టర్‌లో సీఎల్ అడిగితే కాదన్నారా? క్లాసు మధ్యలో అడ్మిషన్ల పని మీద బయటికి పంపారా? పిల్లల ముందు మిమ్మల్ని ఎవరైనా గద్దించారా? మీటింగ్‌లో మీ అభిప్రాయం చివరిసారి ఎప్పుడు అడిగారు? ఇలా అడిగితే జవాబులు వస్తాయి. అటెండర్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, బస్సు డ్రైవర్లను మర్చిపోవద్దు. వాళ్లతో కాగితం కంటే కూర్చుని మాట్లాడటమే నయం. పీఎఫ్ కడుతున్నారా, ఈఎస్ఐ కార్డు చేతికొచ్చిందా అని అడిగితే చాలు, మిగతావి వాళ్లే చెబుతారు.

అయితే ఫారాలు పంచే ముందే మేనేజ్‌మెంట్ తరఫున ఉండే కరస్పాండెంట్ గారి దగ్గర ఒక మాట తీసుకో. వచ్చినవాటిలో రెండు పనులైనా ఈ సెమిస్టర్‌లోనే చేస్తామని. ఆ మాట రాకపోతే అడగడమే మానెయ్. చెప్పించుకుని ఏమీ చెయ్యకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ఫలితాలు పదిహేను రోజుల్లో స్టాఫ్ అందరికీ చెప్పు, బాగా లేనివి కూడా.

జీతాల సంగతి నీ చేతుల్లో లేదు, తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని మేనేజ్‌మెంట్ అంటుంది, అందులో నిజమూ ఉంటుంది. కానీ ఫలానా తేదీన ఇస్తాం అని ముందే సర్క్యులర్ వేయమని నువ్వు అడగొచ్చు. ఈఎంఐ కట్టేవాడికి ఆలస్యం కంటే ఎప్పుడో తెలియకపోవడమే పెద్ద టెన్షన్. గ్రాట్యుటీ టీచర్లకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది, ప్రసూతి సెలవు చట్టప్రకారం 26 వారాలు. ఇవి ఇస్తున్నారా లేదా అన్నది వెల్ఫేర్ ఫైల్లో నిజాయితీగా కనబడాలి. టీచర్స్ డే నాడు టిఫిన్ బాక్సులు పంచిన ఫోటోలు జియోట్యాగ్ (తీసిన చోటు ముద్ర) చేసి పెడితే సంక్షేమం అయిపోదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ గురించి ఒక మాట. 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం అది తప్పనిసరి. సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. చాలా కాలేజీల్లో ఐదేళ్లూ ఫిర్యాదులు 'నిల్' అని గర్వంగా రాసి ఉంటుంది. ఆ నిల్ చూసి మురిసిపోకు. అమ్మాయిలకు, లేడీ లెక్చరర్లకు కమిటీలో ఎవరున్నారో తెలుసా అని వాళ్లనే అడుగు. తెలియకపోతే ఆ నిల్‌కు అర్థం వేరు.

పాత తేదీలు వేసి మీటింగుల మినిట్స్ రాయమంటారు. చెయ్యొద్దు. నేను న్యాక్ పీర్ టీమ్‌లో (కాలేజీని చూడటానికి వచ్చే బృందం) వెళ్లిన ఒక కాలేజీలో మూడేళ్ల మినిట్స్ పుస్తకం తిప్పితే మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకటే చేతిరాత, ఒకటే నీలం ఇంకు. ఒక మీటింగ్ తేదీ దసరా సెలవుల్లో పడింది. మేం ఏమీ అనలేదు, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం అంతే. అదే కాలేజీలో టీచర్లతో మాట్లాడుతూ లైబ్రరీ ఎన్నింటి దాకా ఉంటుందమ్మా అని అడిగాను. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి తలుపు దగ్గర నిలబడ్డ హెచ్‌ఓడీ వైపు చూసి గానీ జవాబు చెప్పలేదు. లైబ్రరీ టైమింగ్స్‌కే అంత భయమైతే ఇంకేం అడుగుతాం? టీమ్ ఎదురుగా కూర్చున్నా, స్క్రీన్ మీద ఉన్నా ఆ చూపు కనబడుతుంది. కాబట్టి స్టాఫ్ చేత జవాబులు బట్టీ పట్టించే రిహార్సల్స్ పెట్టకు. టీమ్ స్టాఫ్‌తో మాట్లాడే మీటింగ్‌కు హెచ్‌ఓడీలు ఎవరూ రాకుండా చూడు.

అడ్డదారి సలహాలు చెప్పేవాళ్లు, కన్సల్టెంట్లమని వచ్చేవాళ్లు కూడా తగులుతారు. 2025 ఫిబ్రవరిలో గ్రేడ్ కోసం లంచాల ఆరోపణలపై సీబీఐ న్యాక్ టీమ్ సభ్యులనే అరెస్టు చేసిన వార్త నువ్వూ చదివే ఉంటావు. అలాంటి సలహాలతో వచ్చేవాళ్లను టీ ఇచ్చి పంపించెయ్. వాళ్ల కాగితాల మీద నీ సంతకం మాత్రం ఎక్కడా పెట్టకు.

న్యాక్ విజిట్‌కు ముందు నెలలో లేడీ స్టాఫ్‌ను రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. కాలేజీ బస్సులు నాలుగున్నరకే వెళ్లిపోతాయి, తర్వాత సాగర్ రోడ్డు మీద నిలబడి ఎల్‌బీ నగర్ బస్సు కోసం చూడాలి. ఈ ఫైళ్ల పని నెలనెలా కొంచెం కొంచెం చేయిస్తే ఆ అవసరమే రాదు. ప్రతి నెలా చివరి శనివారం మధ్యాహ్నం క్లాసులు లేకుండా చేయించి, ఆ నెల కాగితాలు ఆ రోజే అప్‌లోడ్ చేయించు. అయినా ఆలస్యమైతే వ్యాన్ పెట్టించు, కాంప్ ఆఫ్ (బదులు సెలవు) కాగితం మీద ఇప్పించు. ఇందుకు పెద్ద ఖర్చేం కాదు, కరస్పాండెంట్ గారు కూడా కాదనలేరు.

మానేసినవాళ్లతో మాట్లాడాక, కాలేజీ పేరు గానీ మనుషుల పేర్లు గానీ లేకుండా రెండు పేజీలు రాసి నాకు పంపు. ప్రిన్సిపాల్ గారి దగ్గర ఏది ముందు ఎత్తాలో, ఏది ఆగాలో కలిసి చూద్దాం. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటా, అల్లుడిని, పిల్లల్ని తీసుకుని రా. అత్తయ్య సర్వపిండి చేస్తానంటోంది.

మీ మామయ్య