బటర్‌నట్ స్క్వాష్ అంటే మన తీపి గుమ్మడికాయే చెల్లే, కానీ ఒక్కదానివే కూర్చొని తినకు

చెల్లే, నీ మెసేజ్ చదివిన. ఆగస్టులో అమెరికాల కొలంబస్ పోతున్నవు, రూమ్‌లో ఎయిర్ ఫ్రయర్, అదే వేడి గాలితో వేయించే మిషను, ఉందంట, బటర్‌నట్ స్క్వాష్‌ని అందులో వేపుడు లెక్క చేస్తే పప్పులోకి బాగుంటదా అని అడిగినవు. బాగుంటది. నేను ఇప్పుడు సెలవులకి వచ్చి మల్కాజ్‌గిరిలో అమ్మ దగ్గరనే ఉన్న, పొద్దున అమ్మ కూరగాయలామె దగ్గర అర కిలో గుమ్మడికాయ ముక్క కోయించుకొని వచ్చింది, పులుసుకి. ఆ ముక్క చూస్తుంటేనే నీకు రాయాలనిపించింది. ఎందుకంటే ఇక్కడ మనకి ఎంత కావాలంటే అంత కోసిస్తరు, అక్కడ కాయ మొత్తం నువ్వే మోసుకొని పోవాలె, ఇంటికి పోయినంక దాన్ని తినేది నువ్వొక్కదానివే.

నేను పోయింది 2009లో. మీ బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపులున్నయి, ఎయిర్‌పోర్టుకి కారేసుకొని సీనియర్లొస్తరు, అన్నీ ముందే తెలుసు. మాకు అవేవీ లేవు, అయినా నేర్చుకున్నం. సెప్టెంబర్ చివర్లో షాపులో ఈ కాయ చూసి సొరకాయ అనుకొని తెచ్చిన, పైన లేత గోధుమ రంగు, మెడ పొడుగు, కింద గుండ్రం, ఎవ్వరైనా అట్లనే అనుకుంటరు. కోస్తే లోపల నారింజ రంగు. అసలు కోయడానికే అరగంట పట్టింది, చిన్న చాకు, కాయేమో రాయి, జారి ఎడమ చెయ్యి బొటనవేలు తెగింది. నెత్తురు ఆగట్లేదు, ట్యాప్ కింద చెయ్యి పెట్టి నిలబడ్డ. అపార్ట్‌మెంట్‌లో ఎవ్వరూ తెల్వదు, ఇంటికి ఫోన్ చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి, అమ్మ భయపడ్తది. ఆ రోజు ఏడ్చింది నొప్పికి కాదు చెల్లే.

తర్వాత ముక్కలన్నీ మూకుట్లో వేసి ఆవాలు, ఎండుమిర్చి పోపు పెడితే పొగకి స్మోక్ అలారం మోగింది. కిటికీలు తీసి టవల్‌తో ఊపుకుంట కూర్చున్న. కూరేమో ముద్దయింది, పారేయలేక ఐదు రోజులు అదే తిన్న, ల్యాప్‌టాప్ ముందట. అప్పుడే సద్దుల బతుకమ్మ కూడా వచ్చి పోయింది, నేను ఎవ్వరికీ చెప్పలే. ఇక్కడ గుమ్మడి పువ్వు లేకుండా బతుకమ్మ పేరుస్తామా, అక్కడ నేను గుమ్మడికాయ వండుకొని తింటున్న, గౌరమ్మని మొక్కినోళ్లు లేరు పాడినోళ్లు లేరు.

సరే, ఇక చేసుడు చెప్తా. అప్పట్లో ఎయిర్ ఫ్రయర్ లేదు, 2010లో ఫిలిప్స్ వాళ్లు మార్కెట్‌లోకి తెచ్చిండ్రు, నేను కొన్నది చాలా ఏండ్ల తర్వాత. ఇక్కడి నుంచి మాత్రం కొనుక్కొని పోకు, ఇక్కడ కరెంటు 230 వోల్టులు, అక్కడ 120, నా మిక్సీ అట్లనే అక్కరకు రాకుండా పోయింది. పొడులు, పచ్చళ్లు ఏవి తీసుకపోవచ్చో కస్టమ్స్ వాళ్ల సైట్‌లో ఉంటది, చూస్కో.

కాయకి ఫోర్కుతో నాలుగైదు చోట్ల గాట్లు పెట్టి మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు పెట్టు, తోలు మెత్తబడ్తది. అటు తొడిమె, ఇటు అడుగు కోసెయ్. మెడ, గుండు కలిసే చోట అడ్డంగా రెండు చెయ్, అప్పుడు ప్రతి ముక్కా బల్ల మీద కదలకుండా నిలబడ్తది, చాకు జారదు. ఈ ఒక్క మాట 2009లో ఎవరన్నా చెప్పుంటే నా వేలు తెగేది కాదు. తోలు పీలర్‌తో తియ్, దాని జిగురుకి కొందరి చేతుల మీద చర్మం బిగుసుకపోయి మండుతది, గ్లౌజులు ఏసుకుంటే మంచిది. గింజలు పారేయకు, కడిగి ఆరబెట్టి ఉప్పేసి వేయించుకోవచ్చు.

ముక్కలు ముప్పావు అంగుళం, అన్నీ ఒక్క సైజు ఉండాలె. కడిగితే బాగా తుడువు, తడి ఉంటే వేగదు, ఉడుకుతది. ఒక చెంచాన్నర నూనె, ఉప్పు, పసుపు, ధనియాల పొడి, గంతే. కారం, వెల్లుల్లి ముందే వేస్తే మాడి చేదవుతయి. బుట్టలో ఒక్క వరసగానే పరుచు. నేను మొదట్లో తొందరకి బుట్ట నిండా నింపి మళ్ల అదే ముద్ద తిన్న, ఫ్యాను వేడి గాలిని ముక్కల చుట్టూ తిప్పాలంటే మధ్యలో జాగా ఉండాలె కదా. 400 ఫారెన్‌హీట్, అంటే మన 200 డిగ్రీలు, పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు, సగంలో ఒకసారి బుట్ట ఊపు. చివరి మూడు నిమిషాలకి వెల్లుల్లి కారం చల్లు. కరివేపాకు అందులో వేయకు, తేలిక కదా, గాలికి లేచి పైన కాయిల్‌కి అంటుకొని కాలుతది. పోపు విడిగా చిన్న గిన్నెలో సన్న మంట మీద పెట్టి పైన వేస్కో, అలారం మోగదు. ఇది తియ్యటి కాయ, నిమ్మకాయ పిండితేనే మన నాలుకకి నచ్చుతది. ముద్దపప్పులోకి, పచ్చిపులుసులోకి చాలా బాగుంటది, పెరుగన్నంలోకి ఇంకా బాగుంటది.

ఇప్పుడు అసలు సంగతి. కిలో, కిలోంబావు కాయ నలుగురికి సరిపోతది. నువ్వు ఫ్రిజ్‌లో పెట్టుకొని నాలుగు రోజులు తిందామనుకుంటవు, నాకు తెలుసు, నేనూ అట్లనే చేసిన. కోయని కాయ చల్లటి పొడి జాగాలో రెండు నెలలైనా ఉంటది, తొందరేం లేదు, ఎవరన్నా వచ్చే దాకా కోయకు. రెండో ఏడు నాకు పక్క ఫ్లాట్ ముసలామె లిఫ్ట్‌లో పరిచయమైంది, నా చేతిలో ఈ కాయ చూసి ఎట్ల వండుతవని అడిగింది. మెడ దగ్గర కోయాలని నేర్పింది ఆమెనే. ఆ రోజు ఇద్దరం కలిసి తిన్నం, ఆమెకి కారం తక్కువ వేసిన. అప్పటి నుంచి ప్రతి శనివారం ఎవరో ఒకరు నా ఇంట్ల తినాలని పెట్టుకున్న. 2012కి వచ్చేసరికి సద్దుల బతుకమ్మకి నా చిన్న హాల్లో పదకొండు మంది ఆడపిల్లలం, తంగేడు దొరకలే, షాపు చేమంతులతోనే పేర్చినం, ప్రసాదం పక్కన ఈ గుమ్మడి వేపుడు.

రూమ్మేట్స్ మన వాళ్లు కాదు, ఏమనుకుంటరో అని రాసినవు. ఏమీ అనుకోరు. ఈ కాయ వాళ్ల దేశందే, 1940లలో మసాచుసెట్స్‌లో పుట్టిన రకం, చిన్నప్పటి నుంచి వాళ్లకి తెలిసిందే, కొత్తగా ఉండేది నీ వెల్లుల్లి కారమే. దిగిన మొదటి వారం కాయ దొరకకపోతే ఆలుగడ్డతో చెయ్, సెప్టెంబర్ దాకా ఆగకు. తలుపు తట్టి పిలువు. వచ్చినోళ్లకి కారం ముందే అడిగి వెయ్.