పరకాలలో షాపు తెరిచే ముందు

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

పరకాలలో మెడికల్ షాపు పెడుతున్నావని, ఇన్సులిన్‌తో పాటు క్యాన్సర్ ఇంజెక్షన్లు కూడా ఉంచుతావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా షాపు తెరుస్తోందంటే నా ఛాతీ ఉప్పొంగింది. కానీ ఆ ఇంజెక్షన్ల మాట వినగానే గుండె దడదడలాడింది.

లైసెన్సు, బిల్లులు, గడువు తేదీలు నీకు నేను చెప్పనక్కర్లేదు. కాకతీయలో ఫార్మసీ చదివినదానివి. నా బెంగంతా ఫ్రిజ్ గురించే.

ఇన్సులిన్ ప్రోటీన్ మందు, దాన్ని మాత్రల డబ్బాలా చూడకు. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమైనో ఆమ్లాలే. అవి రెండు గొలుసులుగా చేరి మడతపడిన తీరులోనే దాని సత్తువంతా ఉంది. ఉడికిన తెల్లసొన మళ్లీ పచ్చిదవుతుందా? ఇదీ అంతే, వేడికి ఆ మడత చెడితే తిరిగి రాదు. గడ్డకట్టినా చెడుతుంది. ఆ సంగతే చాలామందికి తెలియదు.

హనుమకొండలో నేను పనిచేసిన ఒక షాపు యజమాని నిజంగా మంచి మనిషి. ఎండాకాలం కరెంటు పోతోందని ఇన్సులిన్ సీసాలన్నీ ఐసు అరలో పెట్టించాడు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాడు. తెల్లారేసరికి గడ్డకట్టాయి. బయట పెడితే కరిగి, కొత్తవాటిలాగే తేటగా కనిపించాయి. అమ్మేశారు. వాటిలో ఒకటి ఆత్మకూరు వైపు పత్తి రైతుకు వెళ్లింది. షుగర్ దిగడం లేదని డాక్టరు డోసు పెంచుతూ పోయాడు. ఆ పెంచిన చీటీతోనే తరువాత ఆయన వేరే చోట మంచి సీసా కొన్నాడు. అసలు ప్రమాదం అక్కడ వచ్చింది. షుగర్ మరీ పడిపోయి, చేను గట్టున చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ కూలబడ్డాడు. భార్య వెంటనే చక్కెర నీళ్లు తాగించింది కనుక దక్కాడు. ఆమె షాపుకు వచ్చి ఖాళీ సీసా బల్ల మీద పెట్టి, ‘ఇందులో ఏం పోశారు?’ అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

అందుకే ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టు. 2 నుంచి 8 డిగ్రీలు దాటకూడదు. పొద్దున, సాయంత్రం నువ్వే చూసి పుస్తకంలో రాయి, పనిపిల్లవాడికి వదలకు. సీసాలను వెనక గోడకు ఆనించకు, అక్కడే ముందు గడ్డకడతాయి. రిటుక్సిమాబ్ లాంటి క్యాన్సర్ ఇంజెక్షన్లు యాంటీబాడీలు, అవీ ప్రోటీన్లే, వాటిని కుదపకు. ఇన్వర్టర్ మీద డబ్బు మిగుల్చుకోవాలని చూశావో, నేనే వచ్చి తిడతాను.

మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజమూతది. 100 సీసా మందును ఎర్రమూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది. ప్రతిసారీ సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి చూపించి ఇవ్వు.

మే నెల బస్సులో ఊళ్లకు వెళ్లేవాళ్లను తలుచుకుంటేనే నాకు దిగులు. సీసాను గుడ్డలో చుట్టి ఇవ్వు, ఐసుకు నేరుగా తగలనివ్వకు. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లకు తడి కుండలో పెట్టుకోమని, సీసా మాత్రం తడవకూడదని చెప్పు.

సరుకు తెప్పించే ముందు రెండు రోజులు ఫ్రిజ్‌ను ఖాళీగా నడిపి, ఆ లెక్కలు నాకు పంపు. అవి చూశాకే ప్రారంభానికి ముహూర్తం పెట్టుకుందాం.

నీ పెదనాన్న