స్టెప్నీ నేకుండా కారెలగ అమ్మేరు బావూ?

ప్రశ్న: త్వరలో రాబోయే చిన్న స్పోర్టీ కారులో ఏ ఫీచర్లు ఉండాలని మీరు కోరుకుంటున్నారు?

స్టెప్నీ.

డిక్కీలో చాప ఎత్తితే కనబడే ఐదో చక్రం. మిగతా నాలుగూ ఏ సైజులో ఉన్నాయో అదే సైజుది. ఇక్కడున్న జవాబులన్నీ చదివాను. సన్‌రూఫ్ అన్నారు, 360 డిగ్రీల కెమెరా అన్నారు, రంగులు మారే లైట్లన్నారు. ఒకాయన సైలెన్సర్ చప్పుడు స్పీకర్లలోంచి రావాలని రాశారు. ఆయనకి దూరం నుంచే నమస్కారం. స్టెప్నీ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అంటే మీలో ఎవరికీ ఇంకా రాజాం, చీపురుపల్లి మధ్య రాత్రి పదకొండు గంటలకి టైరు పోలేదన్నమాట.

నాకు పోయింది. 2024 ఫిబ్రవరిలో.

మాది విజయనగరం. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఇరవై ఏళ్ల వయసులో స్పోర్ట్స్ కారు మీద మోజుండేది, నలభై ఆరో ఏట తీరింది. తీరిందంటే పూర్తిగా కాదు, స్పోర్ట్స్ కారుకీ మామూలు హ్యాచ్‌బ్యాక్‌కీ మధ్యలో ఉండేదొకటి కొన్నాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. లోపల ఎర్ర దారంతో కుట్లు, బయట నల్ల మిర్రర్లు, 16 అంగుళాల చక్రాలు, టర్బో ఇంజన్. కొన్నరోజున మా అత్తయ్య అంతా తిరిగి చూసి, "పాత కారుకేమైంది బాబూ?" అని మాత్రం అడిగారు.

ఆ రోజు రాజాంలో మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్. భోజనాలయ్యాక బయల్దేరేసరికి పది దాటింది. కారులో నేను, మా ఆవిడ, అత్తయ్య, మా అబ్బాయి. ఫిబ్రవరి అంటే మా వైపు ఉలవ నూర్పిళ్ల కాలం. ఉలవ మొక్కల్ని ఎండబెట్టి రోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ వాటి మీంచి వెళ్తుంటే గింజ రాలుతుంది. సాయంత్రానికి తూర్పారబట్టి, గింజని రోడ్డు వారనే కుప్పపోసి, బరకం కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. తప్పే. కానీ రైతుల్ని తిట్టలేను. ఊళ్లో కళ్లాలుండాల్సిన చోట ఇళ్ల ప్లాట్లు పడ్డాయి, వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? పైగా అదే ఉలవచారు మనకి హోటల్లో కావాలి.

ఎదురుగా లారీ వచ్చింది. హైబీమ్ దించలేదు. మా వైపు దించడమనే అలవాటే లేదు, అదొక పెద్ద గోల, దాని మీద ఇంకోసారి రాస్తాను. నేను కొంచెం ఎడమకి జరిగాను. నా కారుకి ఎల్ఈడీ హెడ్‌లైట్లు. షోరూములో గోడ మీద పడితే వెన్నెల కాసినట్టుండేవి. దుమ్ములో, మంచులో మాత్రం ఆ తెల్ల వెలుగు నాకు తెర కట్టినట్టే ఉంటుంది. బల్బులు అమ్ముకుని బతికేవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. 6500 కెల్విన్ బల్బు షాపులో జనానికి బాగా నచ్చుతుంది, ఇంటికి పట్టుకెళ్లాక కళ్లు గుంజుతున్నాయని తిరిగి తెస్తారు. పాత హాలోజన్లు మూడు వేల కెల్విన్ పైచిలుకు, పసుపు వెలుగు. నా పాత కారుకి అవే ఉండేవి. అదే అయ్యుంటే ఆ రాయి కనబడేదని ఇప్పటికీ అంటాను. మా అబ్బాయి ఒప్పుకోడు, స్పీడు తగ్గించి ఉంటే కనబడేది నాన్నా అంటాడు. వాడికింకా లైసెన్సు రాలేదు.

రాయి తగిలింది. ముందు ఎడమ చక్రం. టప్‌మని చప్పుడు, ఆ తర్వాత బరబరా. డాష్‌బోర్డు మీద టైరులో గాలి తగ్గిందని పసుపు గుర్తు వెలిగింది. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు.

దిగి చూస్తే టైరు పక్కగోడ బెత్తెడు మేర కోసుకుపోయింది. ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. టైరు మీద 195/55 ఆర్16 అని ఉంటుంది చూడండి, అందులో 55 అంటే టైరు వెడల్పులో 55 శాతం ఎత్తు పక్కగోడ ఉందని. 195లో 55 శాతం అంటే 107 మిల్లీమీటర్లు. నా పాత కారువి 165/80 ఆర్14, వాటికి 132 మిల్లీమీటర్లు. అంగుళం రబ్బరు తీసేసి, ఆ చోట్లో అల్లాయ్ చక్రం పెంచి, దానికి స్పోర్టీ అని పేరు పెట్టారు. మలుపుల్లో పట్టు బాగుంటుంది, కాదనను. కానీ రాయికీ రిమ్ముకీ మధ్య ఉండేది ఆ రబ్బరూ అందులో గాలీ మాత్రమే కదా.

ఇంతలో బరకం పక్కన పడుకున్న పెద్దాయన దుప్పటి కప్పుకుని లేచొచ్చాడు. కుప్పకి కాపలా. రాయి ఆయనదే, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"ఏటయింది బావూ?"

"టైరు కోసుకుపోయింది తాతా."

"స్టెప్నీ దించండి మరి. జాకీ నానెడతాను."

"స్టెప్నీ లేదు తాతా."

"నేదా?" చేతిలో టార్చి నా మొహం మీదకి తిప్పాడు, నేను అబద్ధమాడుతున్నానేమో అన్నట్టు. "స్టెప్నీ నేకుండా కారెలగ అమ్మేరు బావూ?"

ఆయనకి చట్టం చెప్పాలనిపించింది. 2020లో కేంద్రం మోటారు వాహనాల రూల్స్ మార్చింది. చిన్న బండికి టైరులో గాలి ఎంతుందో చెప్పే వ్యవస్థ, పంక్చర్ బాగుచేసుకునే కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని. చెప్పలేదు. డిక్కీ తీసి కిట్ బయటకి తీశాను. సీసాలో జిగురు ద్రావణం, చిన్న కంప్రెసర్. ట్యూబు బిగించి స్విచ్ వేశాను. ఎక్కించిన జిగురు ఎక్కించినట్టే కోతలోంచి తెల్లగా, సబ్బు నురగలా రోడ్డు మీదకి కారింది. మేకు దిగిన సన్న రంధ్రాన్నైతే ఆ జిగురు పూడుస్తుంది, అదీ నేలని తాకే భాగంలో. పక్కగోడ కోసుకుపోతే దేనికీ పనికిరాదు. కిట్ డబ్బా మీద కూడా అదే రాసి ఉంది, చీమ తలంత అక్షరాల్లో. తాత కొంతసేపు చూసి, "మందు ఒలికిపోతోంది, ఒగ్గేయండి" అన్నాడు.

ఇంక హెల్ప్‌లైన్. హిందీకి ఒకటి, ఇంగ్లిష్‌కి రెండు, తెలుగు వచ్చేసరికి ఏడో ఎనిమిదో. చివరికి ఒకమ్మాయి తీసి, లొకేషన్ పంపమంది. సిగ్నల్ ఒక్క గీతే, వెళ్లలేదు. దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది సార్ అంది. ఉలవ కుప్ప ఉందమ్మా అన్నాను. మరి ఏం చెప్పను, అదే ఉంది. బండి విశాఖపట్నం నుంచి రావాలి, నాలుగు గంటలు పడుతుంది సార్ అంది. ఆ నాలుగు గంటలు ఏ రోజువో చెప్పలేదు.

బావమరిదికి ఫోన్ చేస్తే పాపం, పట్టుబట్టలతోనే వచ్చాడు, తన కారు స్టెప్నీ తీసుకుని. విప్పి పెట్టబోతే అతని చక్రానికి ఐదు బోల్టులు, నాదానికి నాలుగు. ముగ్గురం టార్చి వెలుగులో ఆ కన్నాలు మళ్లీ లెక్కపెట్టాం, ఏదైనా మారుతుందేమోనని. ఆడవాళ్లనీ అబ్బాయినీ అతనితో రాజాం పంపేసి నేను కారు దగ్గర ఉండిపోయాను. కారెక్కుతూ అత్తయ్య, "ఆ పాత కారుకి ఉండేది కదూ" అన్నారు. అంతే అన్నారు.

తెల్లవార్లూ తాతా నేనూ కబుర్లే. చలికి ఒక బరకం నాకిచ్చాడు. ఏదో ఒకటి గెలవాలి కదా అని, "మీ ట్రాక్టరుకీ స్టెప్నీ ఉండదు కదా తాతా" అన్నాను. "ట్రాక్టరు ఊరు దాటదు బావూ" అన్నాడు.

పొద్దున్న చీపురుపల్లి నుంచి పంక్చర్ల కుర్రాడు వచ్చాడు. ఆ సైజు టైరు అక్కడ లేదు. విజయనగరంలో నాలుగు షాపులు ఫోన్లో అడిగితే ఆర్డర్ పెట్టాలన్నారు. చివరికి అదే మోడల్ కారున్న మా కస్టమర్ ఒకాయన తన ముందు చక్రం విప్పించి పంపారు. ఆ రోజంతా ఆయన కారు ఇటుకల మీద ఉంది. ఇంజన్ బలం 120 పీఎస్, అంటే దాదాపు 120 గుర్రాలు, నేను ఇల్లు చేరింది మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి. అదండీ స్పోర్టీ.

అసలు ప్రశ్నకి వస్తాను. ఇంజన్ గురించి నాకు పెద్ద కోరికల్లేవు, ఎందుకంటే అది కంపెనీ చేతుల్లో లేదు, పన్ను చేతుల్లో ఉంది. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ దాటకూడదు. దాటకపోతే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. బయటి దేశాల్లో అమ్మిన సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ పొడవులో మన లెక్కకి సరిపోతుంది, కానీ ఇంజన్ 1.4 లీటర్ల టర్బో. మనకి రాలేదు. ఆ రెండొందల సీసీ దగ్గరే ఆగిపోయిందని నా నమ్మకం, ఎవరేమన్నా సరే. 2017లో వచ్చిన మారుతి బాలెనో ఆర్ఎస్‌కి ఒక లీటరు టర్బో, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు ఇచ్చారు. మూడేళ్లు నిలబడలేదు. ఫోక్స్‌వ్యాగన్ పోలో 2022లో వెళ్లిపోయింది. మంచివాటిని మనం కొనం, ఆపేశాక ఏడుస్తాం. నేనూ అంతే, బాలెనో ఆర్ఎస్ టెస్ట్ డ్రైవ్ చేసి, ధర చూసి బయటకొచ్చినవాణ్ణే.

ఆ నాలుగు మీటర్ల గీత లోపల ఇంజనూ ఇరకాలి, ఐదుగురు మనుషులూ ఇరకాలి. చివరికి నలిగేది డిక్కీ. అందులోంచి ముందు బయటకి పోయేది స్టెప్నీ. చక్రం, రిమ్ము, జాకీ అన్నీ మిగిలితే కంపెనీకి డబ్బు మిగులుతుంది, బరువు తగ్గి మైలేజీ కాస్త పెరుగుతుంది. మనకి మాత్రం బరువు తగ్గించామని చెబుతారు. మరి పైకప్పుకి అంత అద్దం బిగించి సన్‌రూఫ్ ఇచ్చినప్పుడు ఈ బరువు లెక్క ఎక్కడికి పోయింది? మే నెలలో విజయనగరంలో సన్‌రూఫ్ తెరిచి చూడండి, అప్పడాలు కాలతాయి.

సన్న స్టెప్నీ ఇచ్చినా ఒప్పుకోను. దాని మీద 80 దాటొద్దని స్టిక్కర్ ఉంటుంది. అయినా అది ఉంటే ఆ రాత్రి ఇంటికి చేరేవాళ్లమని మా ఆవిడ అంటుంది. సరే, అదన్నా ఇవ్వండి.

తర్వాత ఎత్తు. స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో 1988లో రాసిపెట్టింది. మా వైపు ఊళ్లలో అవి ఎవరింటి ముందు వాళ్లే వేసుకున్నట్టుంటాయి. వెడల్పు అడుగున్నర, ఎత్తు ఆ వీధి పెద్దమనిషి ఇష్టం. నలుగురు ఎక్కితే నా కారు కడుపు వాటిని గీరుకుంటూ వెళ్తుంది. అందుకని స్పోర్టీ అంటూ కారుని ఇంకా కిందకి దించకండి. సస్పెన్షన్ గట్టిగా ఉన్నా పర్వాలేదు, ఎత్తు మాత్రం తగ్గించొద్దు.

ఏసీకి బటన్లు ఉండాలి. గుంతల్లో కారు ఊగుతుంటే తెర మీద వేలు పెట్టి చలి తగ్గించబోతే పాట మారుతుంది. వెనక చక్రాలకి కూడా డిస్క్ బ్రేకులు. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేక్. మాన్యువల్ గేర్లు ఉంచితే మంచిది, లేకపోయినా ధర్నా చెయ్యను.

మొన్న మా అబ్బాయి రాబోయే కారు ఒకటి ఫోన్లో చూపించాడు, ముసుగు వేసి టెస్ట్ చేస్తున్న ఫొటో. ముందు భాగం చూడు నాన్నా, సింహంలా లేదూ అన్నాడు. ఉంది. డిక్కీ తెరిచిన ఫొటో ఉందా అని అడిగాను. లేదట.

ప్రస్తుతానికి నా కారుకి నేనే ఒక చక్రం, టైరు విడిగా కొన్నాను. కింద దానికి గుంట లేదు కాబట్టి డిక్కీలో అడ్డంగా పడి ఉంటుంది. కదిలి చప్పుడు చేస్తోందని మా ఆవిడ పాత దుప్పటి చుట్టింది. అత్తయ్య ఊరెళ్లేటప్పుడు ఆవిడ సంచులు వెనక సీట్లో, ఆవిడ ఒళ్లో.